సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? ముందు రోజు సాయంత్రమే ఈ చెకింగ్ చేసుకోండి.. ఏ లోపం ఉంటే బండి తీయకూడదో తెలుసుకోండి

పండగ సెలవులు మొదలయ్యాయంటే చాలు.. హైదరాబాద్–విజయవాడ హైవే కార్లతో నిండిపోతుంది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ ప్లాజాలో తెల్లవారకముందే బండ్లు బారులు తీరతాయి. ఆ కార్లలో చాలావరకు రోజూ ఆఫీసుకీ, స్కూలుకీ, సూపర్ మార్కెట్‌కీ తిరిగేవే. సిటీ ట్రాఫిక్‌లో 30, 40 స్పీడ్ దాటని బండి.. ఆ ఒక్క రోజు ఐదుగురు మనుషులతో, డిక్కీ నిండా లగేజీతో, గంటకు 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గంటల తరబడి పరిగెత్తాలి. సిటీలో బయటపడని లోపాలు బయటపడేది సరిగ్గా అక్కడే.

గంటకు 100 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఆ వేగంలో టైరు పేలినా, బ్రేక్ అందకపోయినా ఆలోచించుకునే టైమ్ ఉండదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం ఒక్క 2022లోనే దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఇందులో అన్నీ బండి లోపం వల్ల జరిగినవి కావు. అతివేగమే పెద్ద కారణం. కానీ మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఇంటి ముందు నిలబడి, మెకానిక్ అవసరం లేకుండా, అరగంటలో చూసుకోగలిగినవి. అవేంటో వరుసగా చూద్దాం.

ముందు రోజే ఎందుకు?

చాలామంది కారు చెకింగ్ అంటే బయల్దేరే ముందు చేసేదే అనుకుంటారు. కానీ ఒకసారి ఆలోచించండి. ఉదయం 5 గంటలు. పిల్లలు స్వెటర్లు వేసుకుని వెనక సీట్లో కూర్చున్నారు. లగేజీ సర్దేశారు. అమ్మానాన్నలు ఊళ్లో టిఫిన్‌కి ఎదురుచూస్తున్నారు. అప్పుడు టైరు పక్కన చిన్న ఉబ్బు కనిపిస్తే ఏం చేస్తారు? పంక్చర్ షాపు తెరిచి ఉండదు. మెకానిక్ ఫోన్ ఎత్తడు. "ఇంతవరకు బాగానే నడిచింది కదా, నెమ్మదిగా వెళ్దాంలే" అని స్టార్ట్ చేసేస్తారు. తప్పు కనిపించినా ప్రయాణం ఆపలేని పరిస్థితి అది.

అదే ఉబ్బు ముందు రోజు సాయంత్రం 5 గంటలకు కనిపిస్తే? టైర్ షాపు తెరిచే ఉంటుంది. మార్చుకోవచ్చు. లేదంటే బస్సు టికెట్ చూసుకోవచ్చు. అందుకే అసలు చెకింగ్ ముందు రోజు వెలుగు ఉండగానే పెట్టుకోండి. ఉదయానికి ఐదు నిమిషాల పని మాత్రమే మిగలాలి. వీలైతే రెండు రోజుల ముందే చూసుకుంటే ఇంకా మంచిది. పండగ ముందు రోజు గ్యారేజీలు కూడా కిటకిటలాడుతుంటాయి మరి.

టైర్లు.. ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది వీటికే

రోడ్డుకు, మీకు మధ్య ఉన్నవి ఆ నాలుగు టైర్లే. ఒక్కో టైరు రోడ్డును తాకే భాగం సుమారు అరచేయి అంతే ఉంటుంది. కాబట్టి వంగి చూడండి. చేత్తో తడిమి చూడండి.

ముందుగా గాలి. ఎంత గాలి ఉండాలో బంకులో గాలి కొట్టే అబ్బాయిని అడగాల్సిన పని లేదు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన ఉండే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. మాన్యువల్‌లో కూడా రాసి ఉంటుంది. ఆ స్టిక్కర్‌లో చాలా కార్లకు రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి ఇద్దరు ముగ్గురు ఉన్నప్పటిది. రెండోది ఫుల్ లోడ్‌తో వెళ్లేటప్పటిది. పండగ ప్రయాణానికి చూడాల్సింది ఆ రెండో నంబర్.

టైరు పక్కన అచ్చు వేసి ఉండే ప్రెషర్ నంబర్ వేరు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ప్రెషర్. మీ కారుకు పట్టించాల్సిన గాలి అది కాదు.

గాలి ఎప్పుడు చెక్ చేయాలన్నది కూడా ముఖ్యమే. టైరు చల్లగా ఉన్నప్పుడే సరైన రీడింగ్ వస్తుంది. అంటే కారు కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. హైవే మీద గంట నడిపాక చూస్తే ప్రెషర్ పెరిగి కనిపిస్తుంది. అది మామూలే. ఎక్కువైందని అక్కడ గాలి తీయించారంటే, టైరు చల్లారాక గాలి తక్కువైపోతుంది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. గాలి ఎక్కువైతేనే టైరు పేలుతుందని, అందుకే హైవే ఎక్కేముందు కాస్త తగ్గించుకోవాలని అంటుంటారు. నిజానికి జరిగేది చాలావరకు రివర్స్. గాలి తక్కువగా ఉన్న టైరు రోడ్డు మీద ఎక్కువగా నలుగుతుంది. తిరిగిన ప్రతిసారీ దాని పక్క గోడలు వంగి మళ్లీ లేస్తుంటాయి. దాంతో లోపల వేడి పుడుతుంది. స్పీడ్, లోడ్ తోడైతే ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పగిలిపోతుంది. నైట్రోజన్ పట్టించాం కదా అని ధీమాగా ఉండొద్దు. నైట్రోజన్ అయినా ప్రెషర్ తగ్గితే అదే ప్రమాదం.

తర్వాత గ్రిప్. కార్ల టైర్లకు గ్రిప్ లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది మన మోటారు వాహనాల నిబంధన. కొలవడానికి పరికరం లేకపోయినా ఫర్వాలేదు. టైరు గాడుల్లోకి చూస్తే అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. టైరు ఆ గట్ల లెవల్‌కి అరిగిపోయిందంటే దాని పని అయిపోయినట్టే. గాడులు నీళ్లను పక్కకు తోసేందుకే ఉంటాయి. అవి లేకపోతే తడి రోడ్డుపై కారు నీళ్ల మీద తేలినట్టు జారిపోతుంది.

అరుగుదల ఒకే పక్కన ఎక్కువగా ఉందా? అయితే వీల్ అలైన్‌మెంట్ చూపించాలి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువగా, రెండు అంచులూ అరిగితే తక్కువగా ఉంటోందని అర్థం.

టైరు పక్క గోడను మాత్రం లైట్ తీసుకోవద్దు. ఉబ్బు, కోత, పగుళ్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి. గుంతలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగితే పక్కన బుడగలా ఉబ్బుతుంది. దానికి ప్యాచ్ ఉండదు. రిపేర్ ఉండదు. మార్చాల్సిందే. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి చూస్తే ముందు టైర్ల లోపలి వైపు కూడా కనిపిస్తుంది. చాలామంది చూడని చోటు అదే.

టైరు వయసు కూడా దాని మీదే ఉంటుంది. పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు వెతకండి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగిన కారుకి గ్రిప్ బాగానే కనిపిస్తుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఐదారేళ్లు దాటిన టైర్లను హైవే ఎక్కే ముందు షాపులో చూపించడం మంచిది.

చివరగా స్టెప్నీ. డిక్కీ అడుగున ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ మర్చిపోతారు. అందులో గాలి ఉందో లేదో ముందు రోజే చూడాలి. లగేజీ పెట్టేశాక ఎవరూ తీయరు. జాకీ, దాని హ్యాండిల్, వీల్ స్పానర్, ఎర్ర త్రికోణం ఉన్నాయా? స్టెప్నీ మిగతా టైర్ల కంటే సన్నగా ఉంటే దాని మీద స్పీడ్ లిమిట్ రాసి ఉంటుంది. సాధారణంగా 80 కిలోమీటర్లే. కొన్ని కొత్త కార్లకు స్టెప్నీ ఉండదు. పంక్చర్ కిట్ ఇస్తారు. దాన్ని ఎలా వాడాలో ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోండి.

బానెట్ ఎత్తండి.. చూడాల్సినవి నాలుగే

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కారు సమంగా ఉన్న చోట ఈ పని చేయాలి.

ఇంజిన్ ఆయిల్: డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడవండి. మళ్లీ పూర్తిగా లోపలికి పెట్టి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీత కంటే తక్కువ ఉంటే నింపించాలి. పై గీత దాటేలా పోయించడం కూడా తప్పే.

కూలెంట్: తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మీద మిన్, మ్యాక్స్ గీతలు ఉంటాయి. లెవల్ వాటి మధ్య ఉండాలి. నెలకోసారి తగ్గుతోందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టు. నీళ్లు పోసి సరిపెట్టుకోకుండా గ్యారేజీలో చూపించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆ మూత మాత్రం తిప్పకండి. లోపల ప్రెషర్‌తో మరుగుతున్న కూలెంట్ ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతుంది.

బ్రేక్ ఆయిల్: ఇది చిన్న డబ్బా. లెవల్ తగ్గిందంటే రెండే కారణాలు. బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా లీక్ ఉండాలి. రెండూ మెకానిక్ చూడాల్సినవే. పైన పోసేసి వెళ్లిపోవడం పరిష్కారం కాదు.

బ్యాటరీ: టెర్మినల్స్ దగ్గర తెల్లగా పొడి పేరుకుందా? ఉదయం స్టార్ట్ చేసేటప్పుడు మోటార్ బరువుగా, నీరసంగా తిరుగుతోందా? చలికాలంలో బలహీనమైన బ్యాటరీ ముందుగా మొరాయిస్తుంది.

ఇక కారు రాత్రంతా ఉన్న చోట కింద నేల చూడండి. ఏసీ నుంచి కారిన నీటి మరక అయితే భయం లేదు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్ కావచ్చు. చక్రం దగ్గర జిడ్డు కనిపిస్తే మాత్రం అది బ్రేక్ ఆయిల్ అయ్యే అవకాశం ఉంది. ఆ బండి కదపొద్దు.

ఎలుకలు వైర్లు కొరకడం కూడా మామూలు విషయమే. బానెట్ తీశాక కొరికిన వైర్లు, గడ్డి, గుడ్డముక్కలు ఏమైనా ఉన్నాయేమో ఓ చూపు వేయండి.

సీఎన్‌జీ కారైతే గ్యాస్ వాసన వస్తోందేమో గమనించండి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్ట్ గడువు దాటిందేమో ప్లేట్ మీద చూసుకోండి. ఎలక్ట్రిక్ కారుకు ఆయిల్ గొడవ లేదు. కానీ టైర్లు, బ్రేకులు, కూలెంట్, చిన్న 12 వోల్ట్ బ్యాటరీ దానికీ ఉంటాయి. దారిలో చార్జింగ్ ఎక్కడ పెట్టాలో కూడా ముందే చూసుకోవాలి. పండగ రోజుల్లో అక్కడా క్యూ ఉంటుంది.

బ్రేకులు.. నిమిషంలో చేసుకునే టెస్ట్

ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి బ్రేక్ పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి. పెడల్ గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బ్రేక్ బూస్టర్ పనిచేస్తున్నట్టే. దిగకుండా రాయిలా ఉంటే బూస్టర్‌లో సమస్య.

ఇప్పుడు పెడల్‌ను అర నిమిషం పాటు తొక్కి ఉంచండి. అది మెల్లగా నేల వరకు దిగిపోతోందా? అయితే ఎక్కడో ప్రెషర్ లీక్ అవుతోంది. మెత్తగా, స్పాంజిలా అనిపిస్తే లైన్‌లో గాలి చేరి ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ ప్రయాణం ఆపాల్సిందే.

బ్రేక్ వేసినప్పుడు కీచుమంటున్నా, ఇనుము గీసుకున్న శబ్దం వస్తున్నా ప్యాడ్లు చూపించండి. శ్రీశైలం, అరకు లాంటి ఘాట్ రోడ్ల మీదుగా వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. దిగేటప్పుడు గంట సేపు బ్రేక్ మీదే కాలు పెడితే మంచి బ్రేకులు కూడా వేడెక్కి పట్టు తగ్గుతాయి. అరిగిన ప్యాడ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేర్‌లో, ఇంజిన్ పట్టుతో దిగాలి.

డ్రైవర్ కాళ్ల దగ్గర ఏముంది?

ఈ పాయింట్‌ను చాలామంది పట్టించుకోరు. డ్రైవర్ వైపు మ్యాట్ క్లిప్పులకు సరిగ్గా తగులుకుని ఉందా? జారి ముందుకు వెళ్తే యాక్సిలరేటర్ పెడల్ దాని కింద ఇరుక్కుపోవచ్చు. ఉన్న మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేయడం అసలు వద్దు.

ఇంకొకటి వాటర్ బాటిల్. డ్రైవర్ సీటు కింద పడి ఉన్న బాటిల్ సడెన్ బ్రేక్ వేయగానే దొర్లుకుంటూ ముందుకు వస్తుంది. సరిగ్గా బ్రేక్ పెడల్ కిందికి వెళ్లిందంటే.. ఎంత తొక్కినా పెడల్ దిగదు. బాటిళ్లు, పిల్లల బొమ్మలు, చెప్పులు అన్నీ అక్కడి నుంచి తీసేయండి. సీటు కింద చేయి పెట్టి ఒకసారి చూడండి.

లైట్లు, వైపర్లు.. పొగమంచు సీజన్ ఇది

జనవరిలో తెల్లవారుజామున హైవేపై పొగమంచు ఎలా ఉంటుందో తెలిసిందే. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు. మీ కారు వెనక వాళ్లకు కనిపించడం కూడా అంతే ముఖ్యం.

హెడ్‌లైట్లు లో బీమ్, హై బీమ్, నాలుగు ఇండికేటర్లు, వెనక ఎర్ర లైట్లు, రివర్స్ లైట్, బ్రేక్ లైట్లు అన్నీ చూడండి. బ్రేక్ లైట్ చూడటానికి ఇంకో మనిషి లేకపోతే కారు వెనక భాగాన్ని గోడకు దగ్గరగా పెట్టండి. బ్రేక్ తొక్కినప్పుడు గోడ మీద ఎర్ర వెలుగు రెండు పక్కలా పడుతోందా అన్నది మిర్రర్‌లో తెలిసిపోతుంది. ఫోన్‌ను వెనక పెట్టి వీడియో తీసినా సరే. ఇండికేటర్ మామూలు కంటే వేగంగా టక్‌టక్‌మంటోందంటే ఒక బల్బు పోయి ఉండొచ్చు.

పొగమంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. లో బీమ్, ఫాగ్ ల్యాంప్స్ వాడాలి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం సరైన పద్ధతి కాదు. ఆగి ఉన్నారా, వెళ్తున్నారా, ఎటు తిరుగుతున్నారు అన్నది వెనక వాళ్లకు అర్థం కాదు. అవి బండి ఆగిపోయినప్పటి కోసం.

ముందు అద్దాన్ని లోపల, బయట శుభ్రంగా తుడవండి. లోపలి వైపు జిడ్డు పొర రాత్రిపూట ఎదుటి లైట్లను పెద్ద మచ్చలుగా చేసి చూపిస్తుంది. వైపర్ రబ్బర్లు గీతలు పెడుతుంటే మార్చండి. వాషర్ డబ్బాలో నీళ్లు నింపండి. లోపల ఆవిరి పడితే ఏసీ ఆన్ చేసి గాలి అద్దం వైపు పెడితే చాలు. అది పోయేదాకా బండి కదపకండి.

డ్యాష్‌బోర్డ్ లైట్లు ఏం చెబుతున్నాయి?

తాళం ఆన్ చేయగానే లేదా బటన్ నొక్కగానే డ్యాష్‌బోర్డ్ మీద లైట్లు వరుసగా వెలుగుతాయి. స్టార్ట్ అయ్యాక కాసేపటికి ఆరిపోవాలి. ఆరకుండా మిగిలింది ఏదైనా ఉంటే కారు మీకు ఏదో చెబుతున్నట్టే.

ఎర్ర లైట్ అంటే ఆగాలి. నూనె డబ్బా గుర్తు, థర్మామీటర్ గుర్తు, హ్యాండ్ బ్రేక్ దించాక కూడా ఉన్న బ్రేక్ గుర్తు.. ఇవి ఎర్రగా ఉంటే బండి తీయొద్దు. పసుపు లైట్ అంటే త్వరగా చూపించుకోవాలి. ఇంజిన్ గుర్తు, ఏబీఎస్, టైర్ ప్రెషర్ గుర్తులు సాధారణంగా ఇందులోకి వస్తాయి. ఏబీఎస్ లైట్ వెలుగుతుంటే మామూలు బ్రేక్ పనిచేస్తుంది కానీ, సడెన్ బ్రేక్‌లో చక్రాలు లాక్ అవకుండా ఆపే సిస్టమ్ పనిచేయకపోవచ్చు.

ఎయిర్‌బ్యాగ్ లైట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది వెలిగి ఆరితే ఓకే. వెలిగే ఉంటే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. అసలు ఒక్కసారి కూడా వెలగట్లేదా? సెకండ్ హ్యాండ్ కారైతే అనుమానించాల్సిందే. పాత ప్రమాదం తర్వాత ఎయిర్‌బ్యాగ్ మార్చకుండా ఆ లైట్‌నే పనిచేయకుండా చేసి అమ్మేవాళ్లు ఉంటారు.

సీటు బెల్టు.. వెనక సీట్లో వాళ్లకి కూడా

2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర జరిగిన కారు ప్రమాదంలో నటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ కన్నుమూశారు. ఆయనే కారు నడుపుతున్నారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పట్లో చెప్పారు. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను ఢీకొట్టింది. వెనక సీట్లో ఉన్న మిస్త్రీ, మరో వ్యక్తి చనిపోయారు. వాళ్లిద్దరూ బెల్టు పెట్టుకోలేదు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు.

అదే 2022లో బెల్టు పెట్టుకోకపోవడం వల్ల దేశంలో 16,715 మంది చనిపోయారని రవాణా శాఖ రిపోర్ట్ చెబుతోంది. అందులో డ్రైవర్లు 8,384 మంది. మిగతా 8,331 మంది ప్రయాణికులు. అంటే దాదాపు సగం మంది స్టీరింగ్ పట్టుకోనివాళ్లే.

కారణం సింపుల్. కారు ఆగినా లోపలున్న మనిషి అదే వేగంతో ముందుకు వెళ్తాడు. బెల్టు లేకుండా వెనక కూర్చున్న మనిషి ముందు సీటును గుద్దుతాడు. తను దెబ్బ తినడమే కాదు.. ముందు బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషిని కూడా నలిపేస్తాడు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడుగా పనిచేయడానికే. దానికి బదులు కాదు.

ముందు రోజు చేయాల్సింది ఇదే. ప్రతి బెల్టునూ పూర్తిగా బయటికి లాగి చూడండి. ఎక్కడైనా తెగిందా, పోగులు లేచాయా? ఒక్కసారిగా గట్టిగా గుంజితే లాక్ అవ్వాలి. బకిల్ క్లిక్‌మని పట్టుకోవాలి, నొక్కితే వదలాలి. వెనక సీట్లో బకిల్స్ చాలా కార్లలో సీటు కవర్ల కింద దూరి ఉంటాయి. వాటిని బయటికి తీసి పెట్టండి. ఉదయం చీకట్లో అమ్మమ్మ వెతుక్కునే పరిస్థితి రాకూడదు. మీ సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే, కవర్ ఆ భాగాన్ని మూసేయకుండా చూసుకోండి.

బీప్ శబ్దం రాకుండా పెట్టే క్లిప్పులు ఉంటే పడేయండి. ఇవి అమ్మొద్దని 2023లో సీసీపీఏ, అంటే వినియోగదారుల హక్కుల కోసం పనిచేసే కేంద్ర సంస్థ, ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలను ఆదేశించింది.

బెల్టు పెట్టుకోకపోతే రూ.1,000 జరిమానా. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోయినా అంతే. ముందు సీట్లో ఒళ్లో పాపను కూర్చోబెట్టుకోవడం మనవాళ్లకు అలవాటు. గుద్దుకున్న క్షణంలో ఆ పాపను చేతులతో ఆపడం ఎవరివల్లా కాదు. చిన్నపిల్లలు వెనక, చైల్డ్ సీట్లోనే ఉండాలి. గర్భిణులు కూడా బెల్టు పెట్టుకోవాలి. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కిందగా తొడల మీదికి, పై పట్టీ ఛాతీ మధ్య నుంచి వచ్చేలా ఉండాలి.

లగేజీ ఎలా సర్దాలి?

బరువైన బ్యాగులు డిక్కీ అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టండి. తేలికైనవి పైన. వెనక అద్దం దగ్గరి షెల్ఫ్ మీద ఏమీ పెట్టొద్దు. సడెన్ బ్రేక్‌లో స్టీల్ డబ్బా కూడా రాయిలా ఎగిరి వస్తుంది. వెనక అద్దం కనిపించకుండా నింపేయకండి. పైన క్యారియర్ వేస్తే తాళ్లు రెండుసార్లు లాగి చూడండి. వేడిగా ఉన్న పొయ్యి, గ్యాస్ సిలిండర్, పెట్రోల్ క్యాన్ లాంటివి కారులో వద్దు.

ఎర్ర త్రికోణం, టార్చ్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా మాత్రం లగేజీ కింద పడిపోకుండా చేతికి అందే చోట ఉంచండి.

పేపర్లు, ఫాస్టాగ్, నంబర్లు

ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్.. వీటి గడువు తేదీలు ముందు రోజే చూసుకోండి. డిజీలాకర్, ఎం పరివాహన్ యాప్‌లలో ఉన్నవి కూడా చెల్లుతాయి. ఇన్సూరెన్స్ గడువు నిన్నటితో ముగిసిందని ప్రమాదం జరిగాక తెలిస్తే లాభం లేదు. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ వేసుకోండి. పంతంగితో పాటు కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర కూడా టోల్ ఉంటుంది. ట్యాంక్ కూడా ముందు రోజే నింపించేస్తే ఉదయం బంకు దగ్గర క్యూ తప్పుతుంది.

ఈ మూడు నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. నేషనల్ హైవే మీద బండి ఆగిపోయినా, ప్రమాదం జరిగినా 1033. అంబులెన్స్‌కు 108. ఎమర్జెన్సీలో 112.

బయల్దేరే ఉదయం.. ఐదు నిమిషాలు చాలు

ముందుగా కారు చుట్టూ ఒక రౌండ్ నడవండి. నాలుగు టైర్లూ చూపుకు బాగున్నాయా? కింద కొత్త మరక ఏమైనా ఉందా? బానెట్‌ను రెండుసార్లు చేత్తో తట్టండి. చలికి పిల్లులు ఇంజిన్ దగ్గర వెచ్చగా పడుకుంటాయి.

అన్నిటికంటే ముఖ్యం.. పిల్లలు ఎక్కడున్నారు? పండగ రోజుల్లో ఇంటి ముందు చుట్టాల పిల్లలు ఆడుకుంటుంటారు. కారు వెనక కూర్చున్న చిన్నారి మిర్రర్లలో కనిపించదు. రివర్స్ కెమెరాకు కూడా పక్కలు అన్నీ కనిపించవు. ఒక పెద్ద మనిషి పిల్లల్ని పట్టుకుని పక్కన నిలబడ్డాకే బండి తీయండి. ఊళ్లో కారు ఆపాక తప్పకుండా లాక్ చేసి, తాళం పిల్లలకు అందకుండా పెట్టండి. 2025 మేలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆగి ఉన్న కారులోకి ఆడుకుంటూ ఎక్కిన నలుగురు చిన్నారులు డోర్లు లాక్ అయిపోయి ఊపిరాడక చనిపోయారు.

తర్వాత డ్రైవర్ సీటు. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగానికి తగలాలి. ఛాతీకి, స్టీరింగ్‌కి మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. హెడ్‌రెస్ట్ మెడ దగ్గర కాకుండా తల వెనక ఉండాలి. మూడు మిర్రర్లు సెట్ చేసుకోండి. మ్యాప్ పెట్టుకోవడం, పాటలు పెట్టుకోవడం అన్నీ బండి ఆగి ఉండగానే. చివరగా అందరి బెల్టులు, అన్ని డోర్లు.

గేటు దాటాక మొదటి వంద మీటర్లలో నెమ్మదిగా ఒకసారి బ్రేక్ వేసి చూడండి. కారు ఒక పక్కకు లాగుతోందా? స్టీరింగ్ వణుకుతోందా? కొత్త శబ్దం వస్తోందా? ఏదైనా తేడాగా ఉంటే వెనక్కి తిరగడానికి ఇదే కరెక్ట్ టైమ్.

డ్రైవర్ ఫిట్‌గా ఉన్నారా?

కారును ఇంత చెక్ చేసి నడిపే మనిషిని వదిలేస్తే ఎలా? రాత్రి 12 వరకు ఆఫీస్ పని చేసి, 3 గంటలకు లేచి స్టీరింగ్ పట్టుకోవడం చాలా ప్రమాదం. తెల్లవారుజామున నిద్ర బాగా ముంచుకొస్తుంది. జలుబు, దగ్గు, అలర్జీ మందుల్లో కొన్ని మత్తు తెప్పిస్తాయి. రాత్రి ఎక్కువగా తాగితే ఉదయానికి కూడా అది ఒంట్లో ఉంటుంది. ఒక కాఫీతో పోదు. నిద్ర చాలకపోతే రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరండి. దారిలో రెండు గంటలకోసారి ఆగండి.

ఇవి కనిపిస్తే బయల్దేరొద్దు

చిన్న చిన్న లోపాలు ఉంటే ఊరెళ్లొచ్చాక చూసుకోవచ్చు. కానీ కింద ఉన్నవాటిలో ఒక్కటి కనిపించినా ఆ కారుతో హైవే ఎక్కొద్దు.

– టైరు పక్కన ఉబ్బు, లోతైన కోత, లేదా బయటికి కనిపిస్తున్న దారాలు, తీగలు
– గ్రిప్ పూర్తిగా అరిగిపోయిన టైరు
– నేల వరకు దిగిపోతున్న లేదా స్పాంజిలా ఉన్న బ్రేక్ పెడల్, తగ్గుతున్న బ్రేక్ ఆయిల్
– స్టార్ట్ అయ్యాక కూడా ఆరని ఎర్ర వార్నింగ్ లైట్
– పెట్రోల్ వాసన, గ్యాస్ వాసన, కాలుతున్న వైరు వాసన
– పనిచేయని హెడ్‌లైట్ లేదా బ్రేక్ లైట్లు
– లాక్ అవ్వని సీటు బెల్టు. ఆ సీట్లో ఎవరూ కూర్చోకుండా వెళ్లగలిగితేనే బయల్దేరండి
– కళ్లు మూతపడుతున్న డ్రైవర్

ముందు రోజు సాయంత్రం ఈ లిస్టు చేతిలో పెట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరగండి. ఏదైనా దొరికితే రిపేర్‌కు టైమ్ ఉంటుంది. రిపేర్ కాకపోతే ఆర్టీసీ బస్సు ఉంది, రైలు ఉంది, పక్కింటి వాళ్ల కారులో రెండు సీట్లు ఉండొచ్చు. పండగకు ఒక పూట ఆలస్యంగా వెళ్లినా ఇంట్లోవాళ్లు ఏమీ అనుకోరు. ఫోన్ చేసి చెప్పండి చాలు.